గోతిలో గుర్తులు చూపేవాడు

శనివారం మధ్యాహ్నం గోతిలోకి దిగాలంటే బాతిస్ట్‌కి భయమేసింది. ఈ గొయ్యేమైనా కొత్తదా అంటే కాదు, సొంత వంటింటి కన్నా దీని మూలలే ఆయనకి బాగా తెలుసు. పచ్చిక మైదానానికి ఆ చివర తుపాకులు పేల్చే కొట్టం, ఈ చివర మట్టికట్ట, కట్ట వెనకాల ఈ సిమెంటు గొయ్యి. గుండు దూసుకెళ్ళాక గోతిలో ఉన్నవాడు గురిపలకని కిందికి లాగి, చిల్లు ఎక్కడ పడిందో చూసి, దాని మీద కాగితం ముక్క అంటించి పైకి పంపాలి. ఆ తర్వాత పొడుగాటి కర్ర చివరి బిళ్ళతో ఆ చోటు చూపించాలి. సరిగ్గా నడుమ పడితే పది. అసలు తగలకపోతే బిళ్ళని అటూ ఇటూ ఊపాలి. అలా ఊపించుకున్నవాణ్ణి సారాకొట్లో వారమంతా ఏడిపించడం అప్పెన్‌జెల్ అనే ఆ కొండ ఊళ్ళో ఆనవాయితీ.

కొట్టంలో బోర్లా పడుకుని పేల్చేది బావ రెమి. అక్క ఒత్తీలియా పోయాక ఆయనకి మిగిలిన సరదాలు రెండే: శనివారం గురి చూసి పేల్చడం, అయ్యాక కొట్టం ముందు బల్ల మీద కూర్చుని తీరిగ్గా పైపు కాల్చడం. తక్కిన రోజులు ఆ మనిషికి ఎలా గడుస్తున్నాయో అడగడానికి బాతిస్ట్‌కి నోరు రాలేదు.

మంచు కరిగినప్పటి నుంచీ రెమి గుళ్ళు పలకకి తగలడం మానేశాయి. మొదటిసారి పలక కిందికి లాగి చూస్తే ఒక్క చిల్లూ లేదు. బిళ్ళ ఊపడానికి మనసొప్పక బాతిస్ట్ నడుమ తట్టి, కొట్టానికి కలిపిన టెలిఫోన్‌లో "పది, బావా!" అన్నాడు. ఆ సాయంత్రం రెమి చిన్నపిల్లాడిలా సంబరపడిపోయాడు. మరి రెండోవారం ఎలా ఊపడం? ఆ వారమూ పదే, ఆ పైవారమూ పదే.

రానురాను గుళ్ళు కట్ట అంచుని రాసుకుంటూ రావడం మొదలైంది. ముందు నెత్తి మీద కొరడా ఝళిపించినట్టు చప్పుడు, తర్వాత తాపీగా దూరం నుంచి తుపాకి మోత. పోయినవారం ఒకటి పలకని నిలబెట్టే ఇనపచట్రానికి తగిలి, దాని తునక ఎగిరొచ్చి గోడలో దిగబడింది. బాతిస్ట్ కూర్చునే పీటకి జానెడు దూరంలో.

రేపు ఆదివారం లోయలోని ఊళ్ళ మధ్య గురిపోటీ. గోతినిండా ఊరివాళ్ళుంటారు, పైన బావ పేలుస్తాడు. ఇవాళ నిజం చెప్పకపోతే రేపు ఎవరి ప్రాణం పోతుందో తెలీదు. చెబితే బావ బతికుండీ లేనట్టే.

గోడ మీద టెలిఫోన్ మోగింది.

"ఏరా బామ్మర్దీ, ఉన్నావా, కునుకు తీస్తున్నావా?"

"ఉన్నాను బావా."

"గొంతేంట్రా అలా ఉంది? పైపు వెలిగించలేదా?"

"వెలిగిస్తున్నా."

"వెలిగించు. పీనాసిలా కాదు, దట్టంగా పీల్చు. నువ్వక్కడ పొగ వదుల్తుంటే నాకు తోడున్నట్టుంటుంది."

బాతిస్ట్ పైపు వెలిగించి, వెండిమూత బిగించి, ఆ లోయలో అందరిలాగే పొగాకు నింపే గిన్నెని తలకిందులుగా తిప్పి పళ్ళ మధ్య పెట్టుకున్నాడు. భయం వేసినకొద్దీ గట్టిగా పీల్చాడు. ఆ గోతిలో ఆయనకున్న ధైర్యమల్లా అదొక్కటే.

మొదటి గుండు నెత్తి మీంచి పోయింది. పలక కిందికి లాగాడు, శుభ్రంగా ఉంది. "పది, బావా," అన్నాడు.

రెండోది చట్రాన్ని ఖణేల్‌మని కొట్టింది. చెవి భగ్గుమంది. పైపు ఎక్కడో పడింది. తడిమి చూసుకుంటే చేతినిండా నెత్తురు. బాతిస్ట్ గోడని కరుచుకుని కూర్చుని పెద్దగా ఏడ్చాడు. టెలిఫోన్ మోగుతూనే ఉంది. తీస్తే మళ్ళీ పది అనే అంటాడు, అది ఆయనకి తెలుసు. తియ్యలేదు. కర్ర అందుకుని, బిళ్ళని కట్ట పైకెత్తి అటూ ఇటూ ఊపాడు. చేతులు లాగేసేదాకా ఊపాడు.

టెలిఫోన్ ఆగిపోయింది. తుపాకీ మోగలేదు.

అప్పుడు పట్టుకుంది అసలు భయం. కొట్టంలో బావ ఒంటరిగా ఉన్నాడు, చేతిలో గుళ్ళు నింపిన తుపాకి ఉంది, తను ఇప్పుడే ఆయన ఆఖరి సరదా లాగేసుకున్నాడు. టెలిఫోన్ పిడి తిప్పాడు, ఎవరూ తియ్యలేదు. మళ్ళీ తిప్పాడు. ఇక ఉండబట్టలేక గోతిలోంచి పైకి పాక్కుంటూ వచ్చి, గుళ్ళు వచ్చే దారికే ఎదురు పరిగెత్తాడు. "బావా! బావా!" అని అరిచాడు.

మైదానం నడుమ రెమి ఎదురొచ్చాడు. చేతిలో తుపాకి లేదు. కంచె తీగ పట్టుకుని తడుముకుంటూ వస్తున్నాడు. బాతిస్ట్ వెళ్ళి వాటేసుకున్నాడు.

"ఒళ్ళంతా తడేంట్రా?"

"నెత్తురు బావా. నీకు కనబట్టం లేదా?"

రెమి మొహం పాలిపోయింది. బామ్మర్ది తలంతా తడిమి, తెగింది చెవి కొస మాత్రమేనని తెలిశాక గాని ఊపిరి పీల్చలేదు.

"నా చూపులో నడిమధ్యంతా బూడిదరంగేరా. కదిలేవి అంచుల్లో కాస్త తెలుస్తాయి. అందుకే నువ్వు ఊపింది తెలిసింది."

"మరి పలక కనబడకుండా దేన్ని చూసి పేలుస్తున్నావు?"

"నీ పొగని. తెల్లగా లేస్తుంది కదా. దానికి కొంచెం పైన పలక ఉంటుందని ఉజ్జాయింపు."

బాతిస్ట్ పచ్చికలో కూలబడ్డాడు. భయమేసి పీల్చినకొద్దీ చావుని దగ్గరికి పిలుచుకున్నాడన్నమాట.

"అన్నీ పదులంటే నమ్మావా బావా?"

"పాతికేళ్ళ వయసులోనే వరసగా పదులు కొట్టలేదురా నేను. ఎలా నమ్ముతాను?" రెమి పక్కన కూర్చున్నాడు. "అయినా నువ్వు పది అనగానే కడుపు నిండిపోయేది. నీ మీదికి వస్తున్నాయని తెలిస్తే ఆ దిక్కుమాలిన తుపాకి ముట్టుకుంటానా?"



"రేపటి పోటీలోంచి నా పేరు కొట్టించేస్తాను," అన్నాడు రెమి. "ఇవాళ గోతిలోకి నేను దిగుతా. నువ్వు పేల్చు."

"నాకు భయం బావా."

"నీకెలా ఉండేదో నాకూ తెలియాలి. లే."

ఎంత చెప్పినా వినలేదు. బాతిస్ట్ చెవికి రుమాలు కట్టుకుని కొట్టంలో బోర్లా పడుకున్నాడు. అంత దూరంలో కట్ట వెనకాల సన్నగా పొగ లేచింది. ఆ పొగ కింద అక్క మొగుడు కూర్చుని ఉన్నాడు. పలక మీద పెట్టాల్సిన చూపు పొగ మీదికే జారుతోంది. చెమట కళ్ళలోకి కారింది. తుపాకి ఎంత పైకెత్తినా చాల్లేదనిపించింది. చివరికి కళ్ళు మూసుకుని మీట నొక్కాడు. భుజం ఎగిరిపడింది. గుండు పలక మీదుగా ఎక్కడో కొండలోకి పోయిందని పేలుస్తున్నప్పుడే తెలిసింది.

పలక కిందికి దిగింది. చాలాసేపటికి పైకొచ్చింది. వెనకాలే బిళ్ళ తడబడుతూ లేచి, సరిగ్గా నడుమ తట్టింది. టెలిఫోన్ మోగింది.

"పదిరా బామ్మర్దీ! ఇంకోటి పేల్చు!"

బాతిస్ట్‌కి పట్టరాని సంతోషం కలిగింది. అబద్ధమని తెలిసి కూడా కలిగింది, ఇంకోటి పేల్చాలనిపించింది. ఆ సంతోషానికే హడలిపోయి, తుపాకి దూరంగా నెట్టేశాడు.