ఫౌండేషన్‌కి అడ్డొచ్చిన హార్మోనియం

నేను ఒక హార్మోనియాన్ని. విజయవాడ వన్‌టౌన్‌లో గఫూర్ అనే పనివాడు టేకు చెక్కతో నన్ను చేశాడు. తిత్తి అతికించాక చెవి ఆనించి, గాలి ఎక్కడా పోవడం లేదని తేల్చుకున్నాకే మూత బిగించాడు. గాలిని లోపల బంధించి కొంచెం కొంచెంగా వదలడమే నా బతుకు.

మొదట తెనాలిలో పేరయ్యగారనే నాటకాల హార్మోనిస్టు చేతికి వచ్చాను. రాజు వేషగాడికి రాగం మధ్యలో ఊపిరి అందకపోతే, మిగిలిన రాగం ఆయన నా చేత పూర్తి చేయించేవారు. చప్పట్లు మాత్రం రాజుగారికే. నాటకాలు తగ్గాక ఆయన ఒక ప్రైవేటు బడిలో సంగీతం మాస్టారుగా చేరారు. కొన్నేళ్ళకు పని మానేసి పోతూ నన్ను ఆ బడికే వదిలి వెళ్ళారు.

ఆ బడిలో పిల్లలందరూ నన్ను బాదేవాళ్ళు. అయిదో తరగతి ఉజ్వల మాత్రం ఒక్కో మెట్టు నొక్కి, ఆ స్వరం పూర్తిగా ఆగేదాకా వినేది.

ఆరో తరగతికి రాగానే అక్కడ పిల్లల దారులు వేరవుతాయి. ఫౌండేషన్ కోర్సు తీసుకుంటే అదనంగా లెక్కలు, సైన్సు. లేదంటే సంగీతమో, బొమ్మలో. రెండో భాష కూడా అప్పుడే తేల్చుకోవాలి. ఆ వేసవిలో ఆఫీసు గది చాలక తల్లిదండ్రులను సంగీతం గదిలో కూర్చోబెట్టారు. బల్ల ఖాళీ చేయడానికి నన్ను కిటికీ గట్టు మీదికి జరిపారు.

ఉజ్వల తండ్రి వీరాంజనేయులుకు మందుల షాపు ఉంది. చెడ్డవాడు కాదు. డాక్టర్లు రాసిన చీటీ చూసి మందులిచ్చే మనిషికి, ఆ చీటీ రాసే కుర్చీలో కూతుర్ని చూడాలని ఆశ. మార్కులు బాగా వస్తాయని రెండో భాషగా సంస్కృతం తీసుకున్నాడు. తెలుగు ఇంట్లో మాట్లాడుతూనే ఉంటుంది కదా అన్నాడు. తల్లి నాగమల్లి బ్యాగు పట్టీ మెలిపెడుతూ కూర్చుంది.

ప్రిన్సిపాల్ మేడమ్ ఉజ్వల వైపు తిరిగి, "నీకేం ఇష్టమమ్మా?" అని అడిగారు.

ఆ పిల్ల కిటికీ వైపు చూసింది.

"చెప్పు తల్లీ, భయపడమాక," అన్నాడు తండ్రి ముద్దుగా. "ఫౌండేషనే కదా?"

"అవును నాన్నా."

"చూశారా మేడమ్, మేం బలవంతం చెయ్యలా. దానికే ఇష్టం."

కొత్త తరగతి గది చూడటానికి మేడమ్, వీరాంజనేయులు బయటికి వెళ్ళారు. ఉజ్వల నా దగ్గరికి వచ్చింది. తిత్తి ముట్టుకోకుండా మెట్ల మీద వేళ్ళు నడిపింది. గాలి లేనిదే నేను పలకలేను. ఒక పాట మొత్తం అలా చప్పుడు లేకుండానే వాయించింది. నాగమల్లి చూస్తూ ఉండిపోయింది.

సంగీతానికి చేరిన పిల్లలు తక్కువని ఆ ఏడు దాన్ని ఎత్తేశారు. నన్ను స్టోరు గదిలో విరిగిన బెంచీల మధ్య పడేసి తాళం వేశారు. గోడ అవతలే ఆరో తరగతి ఫౌండేషన్. ఎక్కాలు ఒప్పజెప్పే గొంతుల్లో ఉజ్వల గొంతు వెతుక్కునేదాన్ని. అన్నీ ఒకేలా వినిపించేవి. వానలకు చెమ్మ పట్టి నా మెట్లు రెండు బిగుసుకుపోయాయి.

దసరా సెలవుల ముందు తాళం తీశారు. ఎదురుగా నాగమల్లి.

"పాప కోసమా?" అని అడిగారు మేడమ్.

"పాపకి టైమెక్కడుంది మేడమ్? నేనే నేర్చుకుందామని."

అలా వాళ్ళింటికి చేరాను. బిగుసుకున్న మెట్లు బాగుచేయించారు. సాయంత్రం భర్త షాపులో ఉండగా నాగమల్లి నా ముందు కూర్చునేది. పక్కనే ఒళ్ళో లెక్కల పుస్తకంతో ఉజ్వల. "అమ్మా, తిత్తి అంత గట్టిగా లాగమాక. ఆ మెట్టు కాదు, పక్కది," అని దిద్దేది. కాసేపటికి నాగమల్లి చెయ్యి నొప్పెడుతోందని పక్కకు జరిగేది. అప్పుడు తలుపులు మూసి, ఫ్యాను జోరు పెంచి, ఉజ్వల వాయించేది.

ఒకరోజు వీరాంజనేయులు ఫోను మరిచిపోయి మధ్యలో ఇంటికి వచ్చాడు. గుమ్మంలో చెప్పుల చప్పుడు వినగానే ఉజ్వల జరిగిపోయింది. నాగమల్లి పాట ఆగకుండా అందుకోబోయి తడబడింది.

తలుపు తీసుకుని వచ్చి, అతను భార్య వంకే చూస్తూ కాసేపు విన్నాడు.

"మేడ మెట్లెక్కుతుండగా విన్నాను. అప్పుడు భలే వాయించావు," అన్నాడు. "ఇప్పుడే తప్పులొస్తున్నాయి."

"అవునండీ. ఇంకా నేర్చుకోవాలి," అంది నాగమల్లి.

ఉజ్వల పుస్తకంలోంచి తల ఎత్తలేదు. తల్లి మళ్ళీ మొదటినుంచి, ఆ తప్పులతోనే, మొదలుపెట్టింది.