వెనక ఎడమ స్పీకర్

మిక్సింగ్ ఇంజనీరుకి ఎడమ చెవి పోయి ఐదు వారాలైంది. ఒక ఉదయం లేచేసరికి ఆ పక్క లోకం మూతపడి ఉంది. రెండు వారాలు మందులు వాడించి, ఇక రాదని డాక్టరు తేల్చేశాడు. అతను తలూపి, చీటీ మడిచి జేబులో పెట్టుకుని, తిన్నగా స్టూడియోకి వెళ్ళి పనిలో కూర్చున్నాడు. ఏడుపు రాలేదు. కోపమూ రాలేదు. భార్యకి కూడా చెప్పలేదు.

చేతిలో ఉన్నది ఒక సినిమా పాట. థియేటర్లో ముందు నుంచీ, పక్కల నుంచీ, వెనక నుంచీ వినపడాలి. కంప్యూటర్లో అందుకు ఒక ప్లగిన్, అంటే చిన్న ప్రోగ్రాం, ఉంది: స్క్రీన్ మీద ఒక వలయం, నడుమ వినేవాడి తల, చుట్టూ ఒక్కో వాయిద్యానికి ఒక్కో చుక్క. చుక్కని ఎటు లాగితే శబ్దం అటు పోతుంది. ఇరవై ఏళ్ళు కళ్ళు మూసుకుని చేసిన పనిని ఇప్పుడు కళ్ళతోనే చేస్తున్నాడు. ఏ స్పీకర్ మోగినా అతనికి అంతా కుడివైపే. కోరస్‌ని వెనక ఎడమకి లాగాడు. స్క్రీన్ మీద శబ్దం కొలిచే మీటర్లో పచ్చ గీత లేచింది. వినపడలేదు; పోయిన చెవి పక్క కదా, మోగుతోందిలే అనుకున్నాడు.

బుధవారం మధ్యాహ్నం చెల్లెలు వచ్చింది. ఆ పాటకి వయొలిన్ వాయించింది ఆమే. సోఫాలో కూలబడి పాటంతా వింది.

"కోరస్ ఏదన్నయ్యా?"

"వెనకుంది. ఎడమ పక్క."

"వెనకా లేదు, ముందూ లేదు. నలుగురమ్మాయిలు గొంతు చించుకుని పాడితే ఏ అటక మీద దాచావ్ వాళ్ళని?"

అతను మీటర్ చూపించాడు. ఆమె అది పట్టించుకోకుండా వెనక్కి వెళ్ళి, స్పీకర్ దగ్గర వంగింది.

"వైరు ఊడిపోయింది. ఎప్పట్నుంచి?"

సోమవారం గది ఊడ్చినప్పుడు ఊడి ఉండాలి. అంటే ఇది మూడో రోజు. ఆమె వైరు బిగించి పాట మళ్ళీ పెట్టగానే అమ్మాయిల గొంతులతో గది నిండింది. అతను మాత్రం మీటర్ వంకే చూస్తున్నాడు. చెల్లెలు పాట ఆపి, అతని ఎడమ భుజం దగ్గర నిలబడి నెమ్మదిగా ఏదో అంది. అతను కదల్లేదు. ఆమె ముఖంలో నవ్వు పోయింది. కుర్చీని తనవైపు తిప్పుకుంది.

"ఎన్నాళ్ళైంది?"

"ఐదు వారాలు."

"వదినకి తెలుసా?"

"లేదు."

"నీకసలు బాధ లేదా అన్నయ్యా?"

పంటి డాక్టరు సూది వేశాక పెదవిని తడిమి చూసుకున్నట్టు, అతను లోపల తడుముకున్నాడు.

"ఉండే ఉంటుంది. ఎక్కడుందో తెలీడం లేదు."

చెల్లెలు ముక్కు చీదుకుంటూ ఏడ్చింది. అతను చూస్తూ కూర్చున్నాడు. తర్వాత ఆమె పోరు పడలేక సంగీత దర్శకుడికి ఫోన్ చేసి ఉన్న సంగతి చెప్పాడు.

"పాట శుక్రవారానికి కావాలి. మీ చెల్లెలు పక్కన కూర్చుంటుందా?"

"కూర్చుంటుంది."

"అయితే ఇది కానిచ్చేయండి. తర్వాతవి చూద్దాం."

ఆ 'చూద్దాం' ఎలాంటిదో అతనికి తెలుసు. ఆ మాటా ఎక్కడా తగల్లేదు.

రెండు రోజులు చెల్లెలు చెబుతూ వచ్చింది, అతను చుక్కలు లాగుతూ వచ్చాడు. వయొలిన్ ముందుకు రావాలని ఆమె నాలుగుసార్లు అంది. "పాట కోసమా, నీకోసమా?" అన్నాడు. ఆమె నవ్వింది.

శుక్రవారం పాట పంపేసి, ఇంటికెళ్ళి భార్యకి చెప్పాడు. ఇన్నాళ్ళూ దాచినందుకు ఆమె చెడామడా తిట్టి, తర్వాత ఏడ్చింది. అతను మంచినీళ్ళు తెచ్చిచ్చాడు.

తర్వాతి పాటలు వేరేవాళ్ళకి వెళ్ళాయి. అతనికి ఇప్పుడు సినిమాల్లో మాటల వెనక ఫ్యాన్ల రొదా, బండ్ల మోతా తీసేసే పని దొరికింది. దానికి ఒక స్పీకర్ చాలు.