ఖాళీ మేకు

గోదావరిఖని ఎండ సంగతి తెలియనివాళ్లకు ఎంత చెప్పినా తక్కువే. ఆ వేసవిలో కోళ్లు ఉడికిన గుడ్లే పెట్టాయనీ, ఒలిచి ఉప్పూకారం అద్దుకోవడమే మిగిలిందనీ రహమతుల్లా కాక చెప్పేవాడు. కాక మాటల్లో ఎంత నమ్మాలో వినేవాళ్ల ఇష్టం. కానీ అలాంటి ఎండలో బొగ్గును వ్యాగన్లకెత్తే రైలు సైడింగు పక్కనున్న రేకుల షెడ్డులోకి నలుగురు మనుషులు ఒక ఫ్రిజ్‌ను మోసుకొచ్చిన మాట మాత్రం నూటికి నూరుపాళ్లూ నిజం. అసలు ఆ షెడ్డుకు కరెంటే లేదు. ఐస్ ఫ్యాక్టరీ నుంచి గడ్డ తెచ్చి, గోనె సంచిలో చుట్టి, ఫ్రిజ్ లోపల పెట్టి తలుపు మూశారు. ఫ్రిజ్ చల్లబడింది. అందరూ ఒకరి మొహం ఒకరు చూసుకుని సంతోషపడ్డారు.

మెహరాజ్ బేగం కూడా సంతోషపడింది. తర్వాత జరిగినదానికి ఆమెనే తప్పుపట్టినవాళ్లున్నారు గానీ, ఆ పొద్దున అక్కడున్నవాళ్లలో సంతోషపడనివాళ్లు ఒక్కరూ లేరు.

ఆ షెడ్డు ఆమెదే అనుకోవచ్చు. మొగుడు నజీర్ బొగ్గుబావిలో ఫిట్టరు. సైడింగులో కాంట్రాక్టు కింద బొగ్గులోంచి రాళ్లేరే ఆడవాళ్లు చంటిపిల్లల్ని వెంట తెచ్చుకుని, ఎక్కడ నీడ కనిపిస్తే అక్కడ పడుకోబెట్టేవారు. సైడింగులో నీడంటే వ్యాగన్ల నీడే. కొన్నేళ్ల కింద వాళ్లలో సారవ్వ అనే ఆమె పెద్దకొడుకు అట్లాగే వ్యాగను కింద నిద్రపోతుంటే బండి కదిలింది. ఎవరో కేక వేశారు, పిల్లవాడు దొర్లాడు, లాగు ఒక్కటే చక్రం కిందికి పోయింది. వాడిప్పుడు రెండో తరగతి. ఆ లాగు కథ చెబితే చాలు, చెప్పినవాళ్ల మీదికి రాయి తీస్తాడు. ఆ రోజు అటువైపు బొగ్గుపొడికి వచ్చిన మెహరాజ్ ఇంటికి వెళ్లి అన్నం తినలేకపోయింది. మర్నాటి నుంచి పిల్లలు ఆమె అరుగు మీద ఉన్నారు. అరుగు చాలక ఈ షెడ్డులోకి వచ్చారు.

రహమతుల్లా ఆమెకు మేనమామ. బస్తీ మొత్తానికి కాక. బావిలో ల్యాంపు రూములో పని చేసి దిగిపోయినవాడు. బావిలోకి దిగే ప్రతి మనిషికీ ఒక దీపం, ఒక ఇత్తడి బిళ్ల ఉంటాయి. మనిషి పైకి వచ్చాడా లేదా అన్నది ఆ బిళ్లే చెబుతుంది. కాక అదే పద్ధతిని పిల్లలకు పెట్టాడు. గోడకు ఒక పలక, పలక నిండా మేకులు, మేకుకొక రేకు బిళ్ల. రాళ్లేరేవాళ్లకు చదువెక్కడిది? అందుకని ఒక బిళ్ల మీద చేప, ఒకదాని మీద కుండ, ఇంకోదాని మీద డప్పు, ఇలా బొమ్మలు గీశాడు. తల్లి పిల్లను అప్పజెప్పి బిళ్ల తీసుకుని కొంగుకు ముడేసుకుంటుంది. పని దిగి వచ్చి, బిళ్ల మేకుకు తగిలిస్తేనే పిల్లను తీసుకుపోతుంది. తాగొచ్చిన మొగుడు అడిగినా, ఆ మొగుణ్ని కన్న తల్లి అడిగినా బిళ్ల లేకుండా ఇవ్వడు. ఏ మేకైనా ఖాళీగా ఉందంటే ఒక పిల్ల ఇంకా లోపల ఉందని లెక్క. అంతవరకు తలుపుకు తాళం పడదు.

ఇప్పుడు ఆ తలుపే ఉండేట్టు లేదు. సైడింగు లైను పెంచుతున్నారు. వానలకు ముందే షెడ్డు తీసేయాలని చెప్పారు. బోరింగు పక్కన బస్తీవాళ్లు కొంత జాగా వదిలిపెట్టారు గానీ, జాగా మీద గోడలు వాటంతటవి మొలవవు కదా. గోడలు లేవకపోతే పిల్లలు మళ్లీ వ్యాగన్ల కిందికే పోవాలి. మెహరాజ్‌కు ఈ మాట నిద్రలో కూడా వినిపించేది.

ఆమె తిరగని చోటు లేదు. కంపెనీ ఆఫీసులో ఒక ఆఫీసరు కుర్చీ వేసి కూర్చోబెట్టి, చాయ్ తాగించి, కంపెనీ మజ్దూర్ల పిల్లలకైతే రూల్సున్నాయి, కాంట్రాక్టోళ్ల పిల్లలకు లేవమ్మా అని తనే బాధపడ్డాడు. బజారులో ఒక సేటు పలకలిచ్చాడు. పలక మీద ఆయన దుకాణం పేరు ఎంత పెద్దదంటే, మిగిలిన జాగాలో అ రాయాలన్నా చీమ వచ్చి రాయాలి. ఎన్నికల ముందు ఒక లీడరు శంకుస్థాపన రాయి పంపాడు. రాయి వచ్చింది, ఆయన రాలేదు. దాని మీద సైడింగులో రాళ్లేరే పోశవ్వ ఇప్పటికీ పచ్చడి నూరుతుంది.

చివరికి దవాఖానలో నర్సమ్మ చెప్పింది, హైదరాబాదులో ఒక ట్రస్టు ఉందట, ఇలాంటి చిన్న చిన్న సంఘాలకు సాయం చేస్తుందట. అయితే ముందు సంఘం ఉండాలి. ఏడుగురు కరీంనగర్ పోయి, సంఘం రిజిస్టరు చేయించి, వేళ్లకంటిన సిరాతోనే బస్సెక్కి తిరిగొచ్చారు. దరఖాస్తు పోయింది. చాన్నాళ్లకు జవాబొచ్చింది. అనసూర్య అనే ఆమె వచ్చి చూస్తుంది, ఆమె చూసి చెప్పినదాన్ని బట్టి నిర్ణయం.

చుట్టం వస్తుందన్న మాట బస్తీలో పడింది. అదే కొంప ముంచింది. ఆ పోశవ్వకు నోరు పెద్దది, మనసు అంతకంటే పెద్దది. "ఇంటికి సుట్టమొస్తే సినిగిన సాపేస్తమా అక్కా? మన ఇజ్జతేం గావాలె?" అని అడిగింది. మెహరాజ్‌కు కూడా అది నిజమే అనిపించింది. మెహరాజ్ వాళ్లమ్మ ఇమాంబీ చుట్టాలొస్తే తను పస్తుండి కోడిని కోసిన మనిషి మరి.

ఇంకేముంది. టెంటు హౌజు నుంచి కుర్చీలు వచ్చాయి. ఎవరింటి పెళ్లి బట్టలో కత్తిరించకుండా మడతలు కుట్టి పిల్లలకు తొడిగారు. జరీ అంచు గుచ్చుకుని చంటివాళ్లు పొద్దుటి నుంచి ఒకటే ఏడుపు. కిరాణా బుచ్చన్న తన ఫ్రిజ్ ఇచ్చాడు. బీటలు వారిన వెనక గోడ కనపడకుండా ఫోటో స్టూడియో అతను తన తెర తెచ్చి కట్టాడు. తెర మీద ఒక సరస్సు, పాలరాతి మెట్లు, రెండు హంసలు. కాక మేకుల పలక ఆ గోడకే ఉంది. తుప్పు పట్టిన రేకులు చుట్టానికి ఎందుకని దాన్ని కూడా తెర వెనక్కి పంపేశారు. తన పలకను హంసలు మింగడం చూశాక కాక గంటల తరబడి ఒక్క అబద్ధపు కథ కూడా చెప్పలేదు. చూసినవాళ్లు ఒంట్లో బాగాలేదేమో అనుకున్నారు.

అనసూర్య మధ్యాహ్నం దాటాక జీపు దిగింది. నలభై దాటిన మనిషి, నేత చీర, చేతిలో నల్ల గొడుగు. వాళ్లు ఫ్రిజ్ తెరిచి చల్లటి నీళ్లిస్తే రెండు గ్లాసులు తాగింది. బిర్యానీ తింది. జరీ బట్టల పిల్లలను చూసింది, హంసలను చూసింది, కుర్చీలో సర్దుకుని కూర్చుంది. ఆమె మొహంలో మెచ్చుకోలు ఉంది, దాని వెనక ఇంకేదో ఉంది. అదేమిటో మెహరాజ్‌కు ఆమె నోరు విప్పాకే తెలిసింది.

"చాలా బాగా నడుపుకుంటున్నారమ్మా. నాకు సంతోషంగా ఉంది. కానీ మా దగ్గర ఉన్నదే కొంచెం. ఏమీ లేనిచోటికి ముందు ఇవ్వాలి కదా. మీకు ఫ్రిజ్ కూడా ఉంది."

మెహరాజ్ ఫ్రిజ్ వైపు చూసింది. దాని పక్కన బుచ్చన్న కొత్త పెళ్లికొడుకులా నిలబడి ఉన్నాడు. కుర్చీల పక్కన టెంటు అతను, తెర పక్కన స్టూడియో అతను. ఒక్కో వస్తువు పక్కన ఒక్కో మనిషి పరువు నిలబడి ఉంది. ఇవి మావి కావని చెబితే వాళ్లందరి మొహాలూ చిన్నబోతాయి, తను అబద్ధాలకోరు అవుతుంది. చెప్పకపోతే ఈమె జీపెక్కి వెళ్లిపోతుంది.

అప్పుడు సైరన్ కూసింది.

కాసేపట్లో తల్లులు వచ్చారు. కళ్లు, పళ్లు తప్ప అన్నీ నల్లగా. కొంగు ముళ్లు విప్పి బిళ్లలు చేతపట్టుకుని వరసలో నిలబడి, పలక కోసం చూస్తే హంసలు కనిపించాయి. ముందున్న లింగవ్వ చేప బిళ్లను హంస మెడకు తగిలిద్దామా అన్నట్టు ఒకసారి చూసి, బిడ్డనిమ్మని కాకనడిగింది.

కాక తెర ముందు చేతులు కట్టుకుని నిలబడ్డాడు. "తెర తియ్యద్దన్నరు. మేకుకెక్కంది బిళ్ల లెక్కగాదు. బిళ్ల లెక్కగాంది పొల్లనియ్య."

"జేబులేస్కో కాకా, ఏమైతది?"

"జేబుల వడ్డ బిళ్లకు నోరుండదు లింగవ్వా. మేకు మీదున్నదే మాట్లాడ్తది."

వరస పెరుగుతోంది. తల్లుల గొంతు విని లోపల పిల్లలు ఏడుపు అందుకున్నారు. కాక మెహరాజ్ వైపు చూశాడు. అందులో కోపం లేదు, అడగడం మాత్రమే ఉంది. ల్యాంపు రూములో అంతమంది ప్రాణాలను కాపలా కాసిన మనిషి ఒక తెర వల్ల ఆగిపోయాడు.

మెహరాజ్ లేచి వెళ్లి తెరను రెండు చేతులా పట్టుకుని లాగింది. హంసలు కింద పడ్డాయి. వెనక నుంచి బీటలు వారిన గోడ, బీటల్లోంచి వ్యాగన్లు, గోడ మీద మేకుల పలక బయటపడ్డాయి.

"మేడం, గీ ఫ్రిజ్ బుచ్చన్నది. కుర్సీలు టెంటోళ్లయి. పిలగాండ్ల బట్టలు గూడ అడుక్కొచ్చినయే. మాదంటే గా పలకొక్కటే."

బుచ్చన్న గొంతు సవరించుకున్నాడు. "అయితే ఇగ నేను తీస్కపోతనక్కా. పొద్దటిసంది ఇంట్ల పెరుగు ఖరాబైతున్నది," అన్నాడు. ఎవరు ముందు నవ్వారో తెలియదు. లింగవ్వ అని కొందరంటారు, కాదు అనసూర్యేనని కాక ఖచ్చితంగా చెబుతాడు.

నవ్వు ఆగాక అనసూర్య, మరి ఇంత అబద్ధం ఎందుకాడారని మెత్తగానే అడిగింది. పోశవ్వ ముందుకొచ్చింది.

"అబద్ధం గాదమ్మా. మర్యాద. నువ్వస్తున్నవని చేసినం."

అనసూర్య లేచి వెళ్లి పలక ముందు నిలబడింది. చేప ఎక్కింది, కుండ ఎక్కింది, డప్పు ఎక్కింది. బిళ్ల ఎక్కినప్పుడల్లా ఒక పిల్ల జరీ బట్టలు ఊడదీయించుకుని, హాయిగా దిసమొలతో తల్లి చంకెక్కి వెళ్లిపోయింది. టెంటు అతను ఒక్కో కుర్చీ ఎత్తుకుపోతుంటే చివరికి ఆమె కూర్చున్నది కూడా ఇచ్చేసి చాప మీద కూర్చుంది. షెడ్డు అసలు రూపానికి వచ్చింది.

ఒక్క మేకు మిగిలింది, తేలు బొమ్మది. సారవ్వ చిన్నకూతురిది. వ్యాగను ఆలస్యంగా వచ్చి ఆమె గుంపు ఇంకా పని దిగలేదని ఎవరో చెప్పారు. జీపు డ్రైవరు రైలు తప్పుతుందని తొందరపెట్టాడు. అనసూర్య గడియారం చూసుకుంది, పాపను చూసింది, కదలలేదు.

"ఎవరూ రాకపోతే ఏం చేస్తారు?" అని అడిగింది.

"అస్తరు బిడ్డా," అన్నాడు కాక. "అచ్చేదాక మేముంటం. గంతే." తర్వాత, పొద్దుటి నుంచి ఆపుకున్నవన్నీ ఒక్కసారి పొంగినట్టు, పెద్ద బావిలో తను పట్టిన పందికొక్కు సంగతి ఎత్తుకున్నాడు. అది రోజూ తలకు దీపం పెట్టుకుని డ్యూటీకి వచ్చేదట, పండుగ బోనసు కూడా అడిగిందట. అనసూర్య చీర కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. పాప ఆమె ఒళ్లోనే నిద్రపోయింది.

పొద్దు వాలుతుండగా సారవ్వ పరుగున వచ్చి బిళ్ల తగిలించింది. పలక నిండింది. కాక తాళం తీసుకున్నాడు.

గుమ్మంలో అనసూర్య ఆగి మెహరాజ్‌తో ఉన్నమాట చెప్పింది. ఇచ్చేది తను కాదు, కమిటీ ఉంది. చూసింది చూసినట్టు రాస్తుంది. గోడలకు ఎంత, కప్పుకు ఎంత అన్నది మేస్త్రీతో వేరేగా రాయించి వెంటనే పంపాలి. ఇంతకుమించి మాటివ్వలేదు. మెహరాజ్‌కు ఆ మాటలో ధైర్యం ఎంతుందో, భయం ఎంతుందో తేలలేదు.

అంతలో అనసూర్య వెనక్కి తిరిగి తన గొడుగు కాకకు అందించింది. "దీన్ని మీ దగ్గర పెట్టిపోతాను. నాకో బిళ్ల ఇవ్వండి."

కాక గొడుగును పిల్లను పట్టినట్టే రెండు చేతులా పట్టుకున్నాడు. పలక చివరి మేకుకు నెమలి బిళ్ల ఒకటి ఎవరికీ ఇవ్వకుండా దాచుకున్నాడు. అదిచ్చాడు. ఆమె దాన్ని కొంగుకు ముడేసుకుని జీపెక్కింది.

ఇక చూడాలి తమాషా. మేకు ఖాళీగా ఉంటే తాళం పడదు కదా. కాక తాళాన్ని మొలకు దోపుకుని, ఆ రోజు నుంచి షెడ్డు గుమ్మంలోనే మంచం వేశాడు. గొడుగు దొంగల భయం ఈ ఊళ్లో లేదని మెహరాజ్ ఎంత చెప్పినా వినలేదు. ఆ గొడుగు అర్ధరాత్రి ఏడుస్తుందనీ, జోకొడితే గానీ పడుకోదనీ బస్తీకంతా చెప్పుకొచ్చాడు. మేస్త్రీ లెక్క పోస్టులో పోయింది. ఎండలు మండాయి. సైడింగు వాళ్లు కొత్త లైనుకు గీత గీయడానికి సున్నం తెచ్చుకుని, ఒక ముసలాయన మంచం దాకా గీసి, ఆయనను లేపలేక అక్కడే ఆగారు. మెహరాజ్ మాత్రం ప్రతి పొద్దూ షెడ్డులోకి రాగానే ముందు ఆ ఖాళీ మేకు వైపు చూసేది.

తొలివాన కురిసిన రోజు మధ్యాహ్నం, చీర అంతా తడిసి, జుట్టులోంచి నీళ్లు కారుతూ అనసూర్య గుమ్మంలోకి వచ్చింది. మెహరాజ్ ఏమైందని అడగబోయింది. ఆమె చెయ్యెత్తి ఆపింది. కొంగు ముడి విప్పి, నెమలి బిళ్లను తీసి, నేరుగా పలక దగ్గరికి నడిచి మేకుకు తగిలించింది. కాక గొడుగును రెండు చేతులా పట్టుకొచ్చాడు. ఆ తర్వాతే ఆమె సంచిలోంచి కవరు తీసింది. గోడలకు, కప్పుకు కమిటీ ఒప్పుకుంది. తలుపులు, కిటికీలు మాత్రం సంఘమే చూసుకోవాలి.

"తలుపు ఫికరెందుకు బిడ్డా? గిదున్నది గదా," అన్నాడు కాక.

ఆ సాయంత్రమే షెడ్డు తలుపును బందుల నుంచి ఊడదీసి, మేకుల పలకను దాని మీద పెట్టి, ఆ నల్ల గొడుగు కింద కాక ముందు నడుస్తుంటే, బోరింగు పక్క జాగాకు మోసుకుపోయారు. మోసినవాళ్లు ఆ ఫ్రిజ్ మోసిన నలుగురే. ఇది దానికంటే తేలికగా ఉందని వాళ్లన్నారు. గొడుగు మాత్రం అనసూర్య తిరిగి తీసుకోలేదు. బిళ్ల ఇచ్చేసింది కదా, ఎందుకు తీసుకోలేదని అడిగితే, కాక దాన్ని వదిలితే కదా అంటుంది మెహరాజ్.