రబ్బరు ఉంగరానికి ఉద్వాసన

కోనసీమ మొత్తం మీద కళ్ళకు తువ్వాలు కట్టుకుని కారు ఆయిల్ ఫిల్టరు మార్చగల మొనగాడు ముమ్మిడివరం టాక్సీ రాఘవులు ఒక్కడే. తాంబూలం నోట్లో పెట్టుకుంటే అది పండేలోపు పాతది ఊడేది, కొత్తది ఎక్కేది. అమలాపురం మేస్త్రీలు సైకిళ్ళ మీద వచ్చి చూసి, ముక్కున వేలేసుకుని వెళ్ళేవారు.

డెబ్బై ఎనిమిదిలో ఒక ఉదయం, వేదపండితులు సూర్యనారాయణమూర్తి గారి అమ్మాయి దుర్గాంబ అతని కారెక్కాలి. పది గంటలకు కాకినాడలో టీచరు ఉద్యోగానికి ఇంటర్వ్యూ. ఎదుర్లంక రేవులో కార్లనీ ఎక్కించుకునే ఎనిమిది గంటల పంటు దొరికితేనే గోదావరి దాటి వేళకు చేరడం. "కొత్త ఫిల్టరు వేసి మరీ తీసుకెళతానండి" అని రాఘవులు ముందురోజే వాళ్ళ నాన్నగారికి మాటిచ్చేశాడు.

ఆరింటికి రావలసిన మేస్త్రీ రాలేదు. అంబాసిడర్‌లో పాత ఆయిల్ అప్పటికే తప్పేలాలోకి దిగిపోయింది. ఇక రాఘవులే కారు కిందికి దూరాడు.

ఇక్కడ మొదట చెప్పినదాన్ని కాస్త సవరించుకోవాలి. అప్పటిదాకా అతను ఒక్క ఫిల్టరూ మార్చి ఎరగడు. మేస్త్రీ మారుస్తుంటే పక్కన నిలబడి "ఇంకాస్త బిగించవయ్యా" అనడంలో మాత్రం అతన్ని మించినవాడు లేడు.

చూసిన విద్యే కదా అని బోల్టు విప్పాడు. ఫిల్టరుండే గిన్నె ఊడి వచ్చింది. లోపలి కాగితపు ఫిల్టరు బొగ్గయి ఉంది. గిన్నె కిరసనాయిలుతో కడిగి, కొత్త ఫిల్టరు అందులో పెట్టి, ఆయిల్ కారకుండా గిన్నె అంచుకు ఆనే పాత రబ్బరు ఉంగరాన్ని గాడిలోంచి లాగి, కొత్తది ఇమ్మని భార్య వీరవేణిని కేకేశాడు. కొత్త చేటయినా సరే, పసుపూ బొట్టూ లేకుండా ఆవిడ ఇంట్లో పనిలోకి దిగదు. ఉంగరం చుట్టూ పసుపు పూసి, కుంకుమ పెట్టి, నాలుగు అక్షింతలు అద్ది ఇచ్చింది. పొద్దున్నే బొట్టు తుడవడానికి చేతులు రాక, రాఘవులు దాన్ని అలాగే గాడిలో కూర్చోబెట్టాడు.

ఆయిల్ పోసి ఇంజను తిప్పగానే గిన్నె అంచు నుంచి ధార. బిగించాడు. మళ్ళీ బిగించాడు. ధార ఆగలేదు. సర్టిఫికెట్ల ఫైలు పట్టుకుని దుర్గాంబ వచ్చేసింది.

"ఏమైందండీ రాఘవులు గారూ?"

"ఏం లేదండి అమ్మాయి గారూ. ఇంజనుకి కాస్త చెమట పట్టింది."

ఆమె వంగి చూసింది. "చెమట పచ్చగా ఉందేమిటండీ?"

సంగతి చెప్పక తప్పలేదు. "తీసి తుడిచేయండి మరి" అంది దుర్గాంబ.

"ఆయ్, తుడవచ్చండి. మా ఆవిడ ఊరుకోవాలి కదండీ."

"పసుపు తుడిచేసి గోదారి దాటతారా?" అంది వీరవేణి గుమ్మంలోంచి. "నేను ఒప్పుకోనండి."

దుర్గాంబ వాచీ చూసుకుంది. ఏడూ ఇరవై.

"వీరవేణి గారూ, పూజయ్యాక పసుపు గణపతిని కదపాలంటే మా నాన్నగారు ఏం చేస్తారండీ?"

"ఉద్వాసన చెబుతారండి."

"దీనికీ చెబుదాం."

రాఘవులు ఉంగరం తీసి ఇచ్చాడు. దుర్గాంబ దాన్ని అరచేతిలో పెట్టుకుని, ఉత్తరం వైపుగా కాస్త జరిపి, "యథాస్థానం ప్రవేశయామి" అంది, వాళ్ళ నాన్నగారి గొంతులాంటి గొంతుతో. వీరవేణి చెంపలేసుకుంది. అక్షింతలు తీసి, మళ్ళీ పసుపు కలిపి, బానెట్ మీద అరచేతంత బొట్టు పెట్టి, ఆ అక్షింతలు దానికి అద్దింది. ఒక బియ్యపు గింజ గాడిలో నలిగి చదునైపోయి ఉంది; ధారకు దారిచ్చింది అదే. రాఘవులు ఉంగరమూ గాడీ తుడిచి బిగించి, డబ్బాలో మిగిలిన ఆయిల్ పోసి తిప్పితే, గిన్నె చుట్టూ చుక్క లేదు.

మురమళ్ళ దగ్గర గేదెలు అడ్డమొస్తే హారను కొట్టింది రాఘవులు కాదు, వెనక సీట్లోంచి ముందుకు వంగి దుర్గాంబే. రేవుకు చేరేసరికి పంటు రెండు బారలు కదిలిపోయింది. రాఘవులు ఆగలేదు. అంబాసిడర్ నీళ్ళ మీంచి ఒక్క దూకు దూకి పంటు మీద వాలింది. ఆ అలకి యానాం ఒడ్డున బట్టలుతికేవాళ్ళు తడిసిపోయారు.

దుర్గాంబ వేళకు చేరింది. ఆ శ్రావణంలో బళ్ళో టీచరుగా చేరింది కూడా.

కారు దూకిన మాట ఒక్కటే నా సొంత కల్పన. నిజానికి పంటువాడు తాడు విప్పబోతూ, బానెట్ మీద అంత బొట్టూ అక్షింతలూ చూసి, పెళ్ళివారి కారనుకుని ఆగాడు.