రాణిగారి కుర్చీ

వాల్‌బ్రెన్ హోటల్ గుమ్మం తొక్కేనాటికి నా దగ్గర ఉన్నవి ఒక పాత వ్యాను, అడిగితే అప్పు పుట్టే పేరు, వాడిపోయే సరుకును వాడిపోకముందే అమ్మగల నేర్పు. పారిస్‌లో పూల వ్యాపారానికి అవి చాలు. వాల్‌బ్రెన్‌కు పూలు వేసేది నేనేనని తెలిశాక మిగతా గిరాకీ దానంతటదే వచ్చింది. ఆ హోటల్ పరువే నా పెట్టుబడి.

ఆ పరువు ఎవరి నడుముల మీద నిలబడిందో సెప్టెంబరులో ఒక ఉదయం కళ్ళారా చూశాను. నడవాలో జాడీల్లో పూలు మారుస్తున్నాను. గదులు సర్దే సీరా దుప్పట్ల బండి తోసుకొస్తూ ఆగిపోయింది. మోకాలు వాచి ఉంది. పక్కనే ముఖమల్ కుర్చీ. ఎప్పుడో ఒక రాణి కూర్చుందట దాంట్లో. సీరా అందులో కూలబడింది. అప్పుడే, గదుల పనికి మనుషుల్ని సరఫరా చేసే కాంట్రాక్టరు తెస్సియే వచ్చాడు.

"లే. అదెవరి కుర్చీయో తెలుసా?"

"తెలుసు సార్. రోజూ తుడిచేది నేనేగా."

"జీతం తుడవడానికి, కూర్చోడానికి కాదు. రేపట్నుంచి రావద్దు."

సీరా మాలీ దేశపు మనిషి. పని పోతే ఈ దేశంలో ఉండనిచ్చే కాగితమూ పోతుంది. తెస్సియేకి తెలుసు. తెలిసే అన్నాడు. హోటల్ వాళ్ళను అడిగితే, ఆమె మా మనిషి కాదు, కాంట్రాక్టరు మనిషి అన్నారు. కాంట్రాక్టరును అడిగితే కుర్చీ హోటల్‌ది, నియమమూ హోటల్‌దే అన్నాడు. ఆమె కష్టాన్ని అమ్ముకునేటప్పుడు ఇద్దరూ యజమానులే. ఆమె కాలు వాచేసరికి ఒక్కడూ లేడు. ఇన్నేళ్ళ వ్యాపారంలో ఇంత నీచమైన బేరం నేను చూడలేదు.

మర్నాడు గదులు సర్దే ఆడవాళ్ళంతా పని మానేసి వెనక సందులో గిన్నెలు మోగించారు. ముందు నిలబడింది పోర్చుగల్ ముసలామె దెయోలిందా. మేనేజరు లోర్జాక్ నన్ను పిలిపించాడు.

"మెజియాన్, సందు మొదట్లో పెద్ద తొట్లు పెట్టించు. దట్టమైన మొక్కలు కావాలి. అతిథులకు ఆ ఆడవాళ్ళు కనబడకూడదు."

"నేను పూలమ్ముతాను సార్. గోడలు అమ్మను."

"అయితే నీ బేరం ఇవాళ్టితో సరి."

ఆ సాయంత్రం నా కొట్టు వెనక గదిలో ఆ ఆడవాళ్ళ మీటింగు. సెనెగల్ నుంచి వచ్చిన కొంబా లేచింది.

"ఆ సందులో ఎన్నాళ్ళు గిన్నెలు కొడతాం పెద్దమ్మా? ఎలకలు తప్ప వినేవాళ్ళు లేరు. నా పిల్లలకి తిండెవరు పెడతారు? నేను పనిలోకెళ్తా."

"వెళ్ళవే," అంది దెయోలిందా. "నీ మోకాలూ వాస్తుంది. అప్పుడెక్కడ కూర్చోవాలో ఇప్పుడే చూసుకో."

సీరా తల దించుకుంది. నాకు తోచింది చెప్పాను. ఆదివారం దేశమంతా పాత భవనాలు జనానికి ఉచితంగా తెరుస్తారు. వాల్‌బ్రెన్ కూడా గుమ్మానికి బోర్డు కట్టింది: 'ఈ ఇంటి వారసత్వం అందరిదీ.'

"అందరిలో మనం లేమా ఏంటి?" అంది కొంబా.

ఆదివారం పండగ బట్టలు కట్టుకుని, తలగుడ్డలు చుట్టుకుని వరుసలో నిలబడ్డారు. ఏళ్ళ తరబడి చాకిరీ చేసినా ఆ ముందు గుమ్మం దాటని మనుషులు. తలుపు దగ్గరి కాపలావాడు గుర్తుపట్టాడు. గుర్తుపట్టి కూడా తలుపు బార్లా తెరిచి, "రండమ్మా" అన్నాడు మెల్లగా.

లోపల చరిత్ర చెప్పే అమ్మాయి పడగ్గది చూపించింది. "వందేళ్ళుగా ఈ ఇల్లు పక్కను ఇలాగే సర్దుతోంది."

"ఇంటికి చేతులున్నాయా తల్లీ?" అంది దెయోలిందా.

జనం నవ్వారు. సీరా ముందుకొచ్చి కుర్చీ సంగతంతా చెప్పింది. నవ్వు ఆగిపోయింది. తర్వాత వాళ్ళంతా కిందికొచ్చి పెద్ద హాల్లో పాలరాతి మీద బైఠాయించారు. చూడ్డానికి వచ్చినవాళ్ళలో కొందరు వాళ్ళ పక్కనే చతికిలబడ్డారు.

లోర్జాక్ పరుగున వచ్చాడు. "ఇది చారిత్రక కట్టడం. లేవండి."

"మేమూ ఇక్కడే పాతబడ్డాం సార్," అంది దెయోలిందా. "మమ్మల్నీ కాపాడండి."

కాపాడటానికి పోలీసులొచ్చారు. దెయోలిందా చెయ్యి మెలితిప్పి, మెట్ల మీదుగా ఈడ్చి బండెక్కించారు. అప్పుడు జరిగింది ఎవరూ అనుకోనిది. వంటవాళ్ళు హోటల్ సొంత మనుషులు, పర్మినెంటు వాళ్ళు. ఈ ఆడవాళ్ళ వంక ఏనాడూ చూసినవాళ్ళు కాదు. తెల్ల కోట్లతోనే బయటికొచ్చి బండికి అడ్డంగా నిలబడ్డారు. "సీరాని పనిలోకి తీసుకునేదాకా పొయ్యి వెలగదు," అన్నాడు పెద్ద వంటవాడు.

పైన గదుల్లో దుప్పట్లు కుప్పలుగా పడున్నాయి. కింద వంట లేదు. వందేళ్ళ వారసత్వం సాయంత్రం దాకా ఆగలేకపోయింది. సీరాని మళ్ళీ పనిలోకి తీసుకునే కాగితం మీద లోర్జాక్ సంతకం పెట్టాడు. పోలీసు బండి మాత్రం దెయోలిందాతోనే వెళ్ళింది.

ఇక నాకు తేలిన లెక్క. ఆ హోటల్ బేరం పోయింది, తిరిగి రాదు. సీరా పనిలో ఉంది, ఆమె కాగితం ఆమె దగ్గరుంది. తెస్సియే ఇంకా కాంట్రాక్టరుగానే ఉన్నాడు. దెయోలిందా మీద కేసు ఉంది, వాయిదా రోజున గదులు సర్దేవాళ్ళూ వంటవాళ్ళూ కలిసే కోర్టుకు వెళ్తున్నారు. పక్క వీధి హోటల్ ఆడవాళ్ళు కూడా నా కొట్టుకు రావడం మొదలుపెట్టారు, పూలకోసం కాదు. వెనక గదిలో చోటు చాలడం లేదు. పూల బకెట్లు బోర్లించి కూర్చుంటున్నారు.