మొక్కింది ఒకరు, మోకాలు ఒకరిది

"కర్రకు గుడ్డ చుట్టి తుడిస్తే మూలలు అలాగే ఉండిపోతాయి పిల్లా. వంగి తుడువు," అంది అత్తగారు క్రెసెన్సియా, కుర్చీలో కాళ్ళు పైకి తీసుకుంటూ. యారెలి కుడి మోకాలు నేలకు ఆనించింది. లోపల పెంకు ముక్కేదో కదిలినట్టయి కాలు బిగుసుకుపోయింది. ముందుకు రాదు, వెనక్కి పోదు. పక్క గదిలో బూట్లకు అడుగులు అంటిస్తున్న మొగుడు రామిరో తొంగి చూసి, "మళ్ళీ మొదలా?" అన్నాడు. జిగురు ఆరిపోతోందట, వచ్చి లేవదీయడానికి వీల్లేదట.

మోకాలికి ఈ గతి ఎలా పట్టిందో యారెలికి బాగా గుర్తు. కొడుకు తాదెయోకి ఎనిమిదో నెలలో ఊపిరితిత్తులకు నెమ్ము చేసింది. వాడు ఆసుపత్రిలో గొట్టాల మధ్య పడి ఉంటే, అత్తగారు వరండాలో నిలబడి నలుగురూ వినేలా మొక్కింది. "సాన్ హువాన్ గుడిలోని తల్లీ, పిల్లాడు బతికితే వాడి తల్లి వంతెన దగ్గర్నుంచి నీ గద్దె దాకా మోకాళ్ళ మీద వస్తుంది!" వాడి నాయనమ్మ వస్తుందనలేదు, వాడి నాన్న వస్తాడనలేదు. ఆ ఘడియలో యారెలికి ఆ తేడా తట్టలేదు. మోకాళ్ళేం ఖర్మ, మెడ అడిగినా ఇచ్చేది.

పిల్లాడు ఇంటికొచ్చాక అసలు నరకం మొదలైంది. వాడు తుమ్మితే చాలు, చిక్కుడు గింజలు ఏరుకుంటూ అత్తగారు "మొక్కు తీరలేదు మరి" అనేది. ఒళ్ళు కాస్త వెచ్చబడితే కోడలి వంక చూసి నిట్టూర్చేది. ఆరో తరగతితో బడి మానేసిన యారెలికి ఎదురు మాట దొరికేది కాదు. పిల్లాడి ముక్కు దగ్గర వేలు పెట్టి ఊపిరి ఆడుతోందో లేదో చూసుకుంటూ కూర్చునేది. అలా ఏడాది గడిచింది. ఫిబ్రవరిలో ఆ గుడి తల్లి పండుగనాడు, కొడుకును వీపుకు కట్టుకుని, రాళ్ళు పరిచిన వీధిలో మోకాళ్ళ మీదికి దిగింది. మొక్కు తీర్చుకునే మిగతా వాళ్ళకు ఇంటివాళ్ళు ముందు దుప్పట్లు పరుస్తూ వెనక తీస్తూ నడుస్తున్నారు. రామిరో కూడా ఒక దుప్పటి తెచ్చాడు. "మెత్తగా పోతే అది మొక్కెలా అవుతుందిరా?" అంది వాళ్ళమ్మ. అతను దాన్ని మడిచి చంకలో పెట్టుకున్నాడు. గుడి మెట్టు దగ్గర పిల్లాడు ఒక్కసారిగా గుంజుకున్నాడు. వాడు పడకూడదని ఒళ్ళంతా బిగబట్టి ఆమె రాతి అంచు మీద కూలబడింది. మోకాట్లో టక్కుమన్న చప్పుడు ఆమె ఒక్కతే విన్నది. లోపల గద్దె ముందు జనం అత్తగారి చేతులు పట్టుకుని, "ఎంత భక్తి తల్లీ నీది!" అంటున్నారు.

రెండేళ్ళు కుంటింది. ఈ రోజు కాలు అలా బిగుసుకుపోయాకే ఆసుపత్రికి తీసుకొచ్చారు, అది కూడా వంటకు ఆలస్యమవుతోందని. డాక్టర్ ఒల్వేరా మోకాలి ఫొటోను వెలుతురుకు పెట్టి చూపించింది. "ఎముక మీద మెత్తటి పొర ఉంటుందమ్మా."

"బూటు లోపలి మెత్తలాగానా?" అన్నాడు రామిరో.

"అలాంటిదే. అది ఊడిపోయింది. కింద ఎముక కూడా ఐదు పెసోల బిళ్ళంత చితికింది. సన్న గొట్టం పెట్టి ముక్కలు తీసి కడిగేయొచ్చు. నాలుగు రోజుల్లో నడుస్తావు, గుంట మాత్రం గుంటే. ఎముకకు చిల్లులు పెడితే నెత్తురు ఊరి, మచ్చలాంటి పొర కడుతుంది. నీకు అడుగు ఎముకే చెడింది, ఆ పొర నిలవదు. నీ మోకాట్లోనే బరువు పడని చోటు నుంచి ముక్కలు తెచ్చి అతికించొచ్చు, కానీ ఇంత గుంటకు చాలవు. ఇక మిగిలింది, చనిపోయినవాళ్ళు దానమిచ్చిన మోకాలి నుంచి ఎముకా పొరా కలిపి బిళ్ళగా కోసి ఇక్కడ బిగించడం. దొరికేదాకా ఆగాలి. ఆ తర్వాత రెండు నెలలు కాలు కింద పెట్టకూడదు."

"చచ్చినవాళ్ళ ఎముకా!" అత్తగారు గుండెల మీద సిలువ గుర్తు వేసుకుంది. "ఏ తాగుబోతుదో ఏమో!"

"ఎవరిదైతేనేం, నాకు ఇచ్చి పోయారు," అంది యారెలి.

"కడగడం చాలు డాక్టరమ్మా," అన్నాడు రామిరో. "ఫిబ్రవరి దగ్గరపడింది. నాకు పెద్ద ఆర్డరు వస్తే ఇది మళ్ళీ మోకాళ్ళ మీద వస్తుందని అమ్మ మొక్కింది. ఆర్డరు వచ్చేసింది కూడా."

ఈ మొక్కు సంగతి యారెలి వినడం అదే మొదలు. ఆమెకు కోపం రాలేదు. కోపం ఎప్పుడో వచ్చి ఆ మోకాలి గుంటలోనే గూడు కట్టుకుని ఉంది, ఇప్పుడు లేచి నిలబడిందంతే. ఇంట్లో వేటి వేటి కోసం ఆ మోకాలు నేలకు ఆనిందో అవన్నీ ఒక్కొక్కటిగా కళ్ళ ముందు కదిలాయి. మంచం కిందికి పోయిన రామిరో చెప్పులు, అత్తగారి కాలి గోళ్ళు, నేల మీది జిగురు మరకలు. వాళ్ళిద్దరూ ఆ పనులన్నీ తామే వంగి చేసుకుంటున్నట్టు ఊహించుకుంటే నోట్లో బెల్లం ముక్క పెట్టుకున్నంత తియ్యగా అనిపించింది.

"చివరిది చేయించుకుంటే మళ్ళీ మోకాళ్ళ మీద పాకొచ్చా డాక్టరమ్మా?"

"వద్దు. నేల తుడవడానికి కూడా ఆనించకు. బిగించిన ముక్క పాడవుతుంది."

"ఎన్నాళ్ళు?"

"ఎప్పటికీ."

"అయితే అదే చెయ్యండి. ఎప్పటికీ అన్న మాట పెద్ద అక్షరాల్లో రాసి, ముద్ర కూడా వెయ్యండి."

రామిరో లేచాడు. "నీకు మతి పోయిందా? రెండు నెలలు ఇల్లెవరు చూస్తారు?"

"పొయ్యి ఎక్కడుందో మీ అమ్మకు తెలుసు. నేల ఎక్కడుందో నీకు తెలుసు."

డాక్టరు జరిపిన కాగితం మీద యారెలి తన పేరు రాసింది. ఒక్కో అక్షరం దిద్దినట్టు, తొందరపడకుండా. అత్తగారి మొహంలో రంగు పోయింది. "మరి మొక్కో? తల్లి ఊరుకుంటుందా? తీరకపోతే నా కొడుక్కి ఏమైనా అయితే?"

"మొక్కిన నోరు మీది, వెళ్ళి తీర్చుకోండి. నా కొడుకు తుమ్మినప్పుడల్లా ఏడాదిపాటు నేను చచ్చి బతికాను అత్తయ్యా. ఇక మీ కొడుకు కోసం మీరు భయపడండి."