పదహారు మెట్లు కట్టిన తాపీ

నేను ఒక తాపీని. నా జన్మవేళ కొలిమి వద్ద హాజరైనవారిని వరుస తప్పకుండా పేర్కొనడం నా ధర్మం. మొదటివారు, పట్టకారుతో నన్ను దాగలి మీద పట్టుకుని పీటమీద కూర్చున్న కమ్మరి రుద్రాచారి. రెండవవారు, ఆయనకెదురుగా నిలబడి సమ్మెట దెబ్బ వేసిన ఆయన భార్య కామేశ్వరమ్మ. మూడవవారు, నన్ను కొనడానికి వచ్చి, చుట్ట కాలుస్తూ గుమ్మంలో నిలబడిన పోలినాయుడు మేస్త్రీ. పాత లారీ కమాను కట్టనుండి నన్ను ఈ ఆకారానికి తెచ్చిన దెబ్బలలో సగానికి పైగా కామేశ్వరమ్మవే. అయినా పోలినాయుడు వెళుతూ వెళుతూ, "రుద్రాచారి చెయ్యి పడితే ఇనుము వెన్నౌతాది" అని మెచ్చుకున్నాడు. కామేశ్వరమ్మ నుదుటి చెమట తుడుచుకుని మరో పనిముట్టుకు సిద్ధపడింది. మానవజాతి లెక్కలో ఒక చెయ్యి తరచుగా కనిపించకుండా పోతుందని నాకు ఆనాడే తెలిసింది.

పోలినాయుడు పార్వతీపురం పరిసరాలలో పేరున్న మేస్త్రీ. ఇరవై ఏళ్లపాటు ఆయన చేతిలో నేను బడులు, ప్రహరీలు, నీళ్ల తొట్లు, రెండు కల్యాణమండపాలు కట్టాను. ఆయన పనివాడు, అందులో సందేహం లేదు. గుండు వేలాడదీసి ఒక కన్ను మూస్తే గోడ తనంతట తానే నిటారుగా నిలబడినట్టుండేది. అయితే పెద్ద మేస్త్రీలందరికీ ఉన్న ఒక బలహీనత ఆయనకూ ఉంది. ఎక్కడ చిన్న తేడా వచ్చినా, "ప్లాస్టింగులో సర్దేద్దాం" అనేవాడు. ప్లాస్టరింగ్ అనేది ఈ వృత్తిలో సర్వపాపహరమైన తీర్థం వంటిది. దాని కింద దాగిన తప్పులెన్నో నాకు తెలుసు. ఎందుకంటే వాటిని పూడ్చింది నేనే.

ఆయన జట్టులో తట్ట మోసే ఆడవాళ్లు ఐదారుగురు ఉండేవారు. వారిలో తవిటమ్మ ఒకతె. ఇరవయ్యో ఏట తట్ట ఎత్తుకుని, నేను చెప్పబోయే సంఘటన నాటికి ముప్పై ఎనిమిదికి వచ్చింది. సాయంత్రం పని దిగాక పనిముట్లన్నీ కడిగి పెట్టడం ఆడవాళ్ల వంతు. ఆ విధంగా నన్ను ప్రతిరోజూ తాకింది ఆమె చేయే. అయితే ఆడది తాపీ పట్టి సిమెంటు మాలు వేస్తే గోడ బీటలు వారుతుందని జట్టులో గట్టి నమ్మకం. నన్ను కడగడానికి పనికివచ్చిన చెయ్యి, నాతో కట్టడానికి పనికిరాలేదు. ఆ ఇరవై ఏళ్ల అనుభవంలో బీటలు వారిన గోడలు చాలానే చూశాను. అవన్నీ మగవారు కట్టినవే అని సవినయంగా మనవి చేస్తున్నాను.

మధ్యాహ్నం మేస్త్రీలు తిని కునుకు తీస్తున్నప్పుడు తవిటమ్మ నన్ను చేతిలోకి తీసుకునేది. మిగిలిపోయిన మాలుతో వెనుకవైపు గోడ సందులు నింపేది. మొదట్లో మాలు సగం నేలపాలయ్యేది. ఆ తరువాత నా బరువు ఆమె మణికట్టుకు అలవాటైంది. రెండేళ్లలో పోలినాయుడు తనవనుకుని మెచ్చుకున్న గోడలలో ఆమె పని కొంత కలిసిపోయింది.

ఆమెకు ఈ తపన ఎందుకో ఒకనాడు తోటి కూలీతో చెబుతుండగా విన్నాను. తట్ట మోసే మెడకు వయసు ఉంటుంది. నలభై దాటితే ఏ మేస్త్రీ పిలవడు. తాపీ పట్టిన మనిషిని అరవై దాటినా ఇంటికొచ్చి పిలుచుకెళతారు. ఇంకో రెండేళ్లలో తన మెడ తనను ఇంట్లో కూర్చోబెడుతుందని ఆమెకు స్పష్టంగా తెలుసు. ధైర్యం చేసి పోలినాయుణ్ణి అడిగింది. ఆయన నవ్వి ఊరుకున్నాడు. ఆయన కింది మేస్త్రీ సన్యాసిరావు మాత్రం ఊరుకోలేదు.

"తట్ట మోసినోలందరూ తాపీ పట్టీసుకుంటే, తాపీ పట్టినోలం తట్ట మొయ్యాలేటి?" అన్నాడు.

"మొయ్యండి బావూ. బరువేటో తెలుస్తాది" అంది తవిటమ్మ, తట్ట దించకుండానే.

ఆ సంవత్సరం మా జట్టు ఒక బాలికల వసతిగృహం కడుతున్నది. మేడకు వెళ్లే మెట్లు రెండు వరుసలు. మధ్యలో మలుపు వద్ద ఒక అరుగు. ఒక్కో వరుసకు ఎనిమిది మెట్లు. కాంక్రీటు వాలు పలకను ముందే పోశారు. దానిమీద ఇటుకలతో మెట్లు కట్టడం సన్యాసిరావు వంతు. ఆయన ఎత్తు మొత్తాన్ని కొలిచి భాగించలేదు. ఇటుక మందమూ, మాలు మందమూ కంటికి అంచనా వేసుకుంటూ పైకి కట్టుకుపోయాడు. మెట్టుకు ఇంత చొప్పున తగ్గినదంతా చివరి మెట్టు వద్ద పోగుపడింది.

మరునాడు తవిటమ్మ మాలు తట్టతో పైకి వెళ్లి దిగివచ్చి, కింది వరుస చివరి మెట్టు ఒక వేలు, పై వరుస చివరి మెట్టు రెండు వేళ్లు ఎత్తుగా ఉన్నాయని చెప్పింది. పోలినాయుడు కింద నిలబడి చూసి, ఏమీ లేదన్నాడు.

"తల మీద తట్టుంటే కిందకి సూడ్డానికుండదు మేస్త్రీ. కాలే సూస్తాది. నా కాలు ఈ మెట్టుకాడ రెండు మాట్లు తడబడింది."

పోలినాయుడు తన మహామంత్రం పఠించాడు: ప్లాస్టింగులో సర్దేద్దాం.

నాలుగు రోజుల తరువాత, బుధవారంనాడు, సహాయ ఇంజనీరు కూర్మారావుగారు తనిఖీకి వచ్చారు. ఫోను చూసుకుంటూ మెట్లెక్కుతూ చివరి మెట్టుకు బూటు తగిలి ముందుకు పడ్డారు. ఫోను దూరంగా వెళ్లి పడింది. లేచి, దుమ్ము దులుపుకుని, టేపు తెప్పించి ప్రతి మెట్టూ కొలిచారు. సోమవారం పిల్లలు వచ్చి చేరుతున్నారని, పుస్తకాలు పట్టుకుని పరుగెత్తే పిల్లలకు ఇది పళ్లు రాలగొట్టే మెట్టని, మొత్తం పడగొట్టి కట్టాలని ఆజ్ఞాపించారు. ఇంతమందిలో ఒక్కరికీ తెలియలేదా అని అడిగారు. నాలుగు రోజుల కిందటే చెప్పానని తవిటమ్మ అంది. పోలినాయుడు టేపు చుట్టడంలో మునిగిపోయాడు.

సన్యాసిరావు తన చేతితో కట్టింది తన చేతితో కూల్చనని, సంచి సర్దుకుని మరో పనికి బొబ్బిలి వెళ్లిపోయాడు. పోలినాయుడికి మేడమీద స్నానాలగదుల ప్లాస్టరింగ్ మిగిలి ఉంది. ఒక్క మనిషి రెండూ సోమవారానికి ముగించలేడు. గురువారం ఉదయం జట్టంతా చూస్తుండగా, ఆయన తనకొక అరువు తాపీ తెచ్చుకుని, నన్ను తవిటమ్మ ముందు పెట్టాడు. ఒక షరతు కూడా పెట్టాడు. పదహారింటిలో ఒక్క మెట్టు తేడా వచ్చినా ఆమె మళ్లీ తాపీ మాట ఎత్తకూడదు. తన పనికి తట్ట మోయడానికి కూడా రాకూడదు. తవిటమ్మ నన్ను అందుకుంది. ఆమె ఇచ్చిన జవాబు అదొక్కటే.

పాత మెట్లు మధ్యాహ్నానికి రాలాయి. అప్పుడామె చేసిన పని నా ఇరవై ఏళ్లలో ఏ మేస్త్రీ చేయగా చూడలేదు. ఆమెకు టేపు మీది అంకెలు చదవడం రాదు. గోడ కట్టేటప్పుడు లాగే దారం తీసుకుని, ఒక కొసన చిన్న రాయి కట్టి, మలుపు అరుగు అంచు మట్టం నుండి కింది నేలదాకా నిటారుగా వేలాడదీసి, ఆ పొడవుకు తెంపింది. దాన్ని సగానికి మడిచింది. మళ్లీ సగానికి మడిచింది. మరొక్కసారి. చీర మడతపెట్టినంత తీరుబడిగా మూడు మడతలు. ఎనిమిదో వంతు ఆమె గుప్పిట్లో ఉంది. పక్క గోడమీద ఆ కొలతతో బొగ్గుతో ఎనిమిది గీతలు గీసింది. ఎనిమిదో గీత అరుగు అంచుతో సరిపోయింది. పై వరుసకూ అలాగే.

ఆ తరువాత మూడు రోజులు నా జీవితంలోకెల్లా శ్రద్ధగల రోజులు. ఇటుకలను ముందుగా తొట్టిలో నానబెట్టింది. మెట్టు మెట్టుకూ మట్టం పెట్టి చూసింది. గీత దాటిన మాలును నా అంచుతో కోసి తీసింది. ఒక వరుస పూర్తయ్యాక, తోటి ఆడవాళ్ల చేత నెత్తిమీద బరువుతో ఎక్కించి దించింది. వాళ్లలో పడుచు పిల్ల ఒకతె, "మా కాళ్లకి పరీచ్చేటి అత్తా?" అంది. పరీక్ష కాళ్లకు కాదనీ, తనకనీ తవిటమ్మ జవాబిచ్చింది. ఏ కాలూ తడబడలేదు. ఆదివారం సాయంత్రానికి పదహారో మెట్టు పూర్తయింది.

సోమవారం పొద్దున్నే, పిల్లలు రాకముందు, కూర్మారావుగారు వచ్చారు. ఈసారి ఫోను జేబులో పెట్టుకున్నారు. టేపుతో ఒక్కొక్క మెట్టూ కొలుచుకుంటూ పైదాకా వెళ్లి, దిగుతూ మళ్లీ కొలిచారు. తరువాత పోలినాయుడి భుజం తట్టి, "చెయ్యి తిరిగిన మేస్త్రీ అంటే ఇదీ" అన్నారు.

పోలినాయుడు తల వంచి నమస్కారం పెట్టాడు. ముప్పై ఏళ్ల పేరు ఆయనది. ఆ నమస్కారంతో పదహారు మెట్లూ ఆయనవైపోయేవే. అటువంటివి పూర్వం ఎన్నో అయ్యాయి. అప్పుడు తవిటమ్మ నన్ను చేతిలో పట్టుకునే ముందుకు వచ్చింది.

"ఆ మెట్లు నాను కట్టాను బావూ."

ఆమె గొంతు పెంచలేదు. ఊరు పేరు అడిగితే చెప్పినట్టు చెప్పింది. కూర్మారావుగారు పోలినాయుడి వైపు చూశారు. పోలినాయుడు ఆ మెట్లవైపు చూశాడు. ఆమె చేతిలో ఉన్న నావైపు చూశాడు. ఆయన కాదంటే అడిగేవారు లేరు.

"నిజమే బావూ" అన్నాడు చివరికి. "తప్పు కట్టింది మా జట్టు మేస్త్రీ. తప్పని సెప్పినా ఇనుకోనోణ్ని నాను. సరిగ్గా కట్టింది ఈవిడే."

ఆ మాట పలకడానికి ఆయనకు ఎంత బరువు అనిపించిందో నేను కొలవలేను. కానీ పలికాడు. పలికిన తరువాత నన్ను తిరిగి అడగలేదు. తన కొత్త పనికి మరొక తాపీ కొనుక్కున్నాడు.

ఇది జరిగి పన్నెండేళ్లు. తవిటమ్మకు యాభై ఏళ్లు. ఆమెను ఇప్పుడు ఇంటికొచ్చి పిలుచుకెళుతున్నారు. ఆమె జట్టులో తాపీ పట్టే ఆడవాళ్లు నలుగురు. తట్ట మోసే మగవాళ్లు ముగ్గురు. సృష్టి ఏమీ తలకిందులు కాలేదు. గోడలు బీటలు వారడం విషయంలో కూడా చెప్పుకోదగిన మార్పు కనిపించలేదు.

నా అంచులు అరిగి, కొన గుండ్రబడింది. పని నేర్చుకోవడానికి ఎవరు వచ్చినా మొదట వారి చేతికి నన్నే ఇస్తారు. ఇక పాడు కావడానికి నాలో మిగిలిందేమీ లేదు గనుక అది తెలివైన ఏర్పాటే. ఆ వసతిగృహం గుమ్మం పక్కన ఒక నల్లరాతి ఫలకం ఉంది. దానిమీద ప్రారంభించినవారి పేరు, అధ్యక్షత వహించినవారి పేరు, విశిష్ట అతిథుల పేర్లు ఉన్నాయి. కట్టినవారి పేరు లేదు. రాతిమీద రాయడం నాకు చేతకాదు; మాలు పరచడమే చేతనవును. అయినా ప్రత్యక్షసాక్షిగా, నా పూర్తి బాధ్యతపై, ఈ కింది విషయాన్ని ధ్రువీకరిస్తున్నాను.

సదరు వసతిగృహంలో మేడకు వెళ్లే పదహారు మెట్లను, గురువారం మొదలుపెట్టి ఆదివారం సాయంత్రానికి, ఒక దారపు మడతలతో కొలత తీసి, ఒక్క మెట్టుకైనా తేడా రాకుండా, మేస్త్రీ గొర్లె తవిటమ్మగారు కట్టారు.